కడబంతి శ్రోత

సగం దారిలో, పాకం రొట్టెలకు పేరుపడ్డ ఆ మలుపు దగ్గర బస్సు ఆగేసరికి మంచు ఏటవాలుగా కురుస్తోంది. పావుగంట విరామం అన్నాడు డ్రైవరు. ఆ పావుగంట ఏనాడూ అరగంటకు తగ్గదని ఆ దారిన తిరిగేవాళ్ళందరికీ తెలుసు. అందరూ దిగారు, లొరీన్ టోలెఫ్‌సన్ తప్ప. ఆమె ఒళ్ళో అట్టపెట్టె ఉంది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ఏటా నవంబరులో ఆమె ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకునే ప్రయాణం చేస్తుంది. మిగతా సామానంతా ముందురోజే వ్యానులో పోతుంది. ఆమె కూడా ఆ వ్యానులోనే పోవచ్చు. కానీ పదేళ్ళ కిందట ఇదే రోడ్డు మీద కారుతో జింకను గుద్దినప్పటి నుంచి, ముందు సీట్లో కూర్చుంటే ఆమెకు ప్రతి పొదలోనూ కొమ్ములే కనిపిస్తాయి.

పక్క సీటతను తిరిగి ఎక్కుతూనే అతని చేతిలోని పొడుగాటి అట్టగొట్టం లొరీన్ టోపీని ఎగరగొట్టింది.

"అయ్యయ్యో, క్షమించండి ఆంటీ! ఈ గొట్టం నా మాట వినదు."

"అడ్డంగా పట్టుకుంటే ఏ గొట్టమూ వినదు బాబూ. నిలువుగా, కాళ్ళ మధ్య పెట్టుకో."

అతను పెట్టుకున్నాడు. చేతిలో కాగితం సంచి, అందులో రెండు పాకం రొట్టెలు. ఒకటి ఇవ్వబోయాడు. వద్దంది. మళ్ళీ అడిగాడు. అబ్బే, ఎందుకులే అంది. మూడోసారి అడిగాడు. అప్పుడు తీసుకుంది. మూడోసారి దాకా అడగాలని ఈ అబ్బాయికి ఎవరో నేర్పారు, కొత్తవాడిలా ఉన్నా గాలికి వచ్చినవాడు కాదనుకుంది మనసులో.

పేరు ఎబో క్వాన్సా అట. పుట్టింది ఘానాలో, సముద్రం ఒడ్డున. అయిదేళ్ళుగా మిన్నెసోటాలోనే, ఎవరూ పేరు విని ఉండని ఒక చిన్న కళాశాలలో ఉంటున్నాడు. పోతున్నది డులూత్‌కి, పండితుల సభకి.

"జీతం లేకుండా ఊరికే పనిచేసే మనుషుల మీద, వాళ్ళు కట్టుకునే సంఘాల మీద పరిశోధన చేసేవాళ్ళకి ఒక సంఘం ఉంది ఆంటీ. మీరు విని ఉండరు."

"అలాగా," అంది లొరీన్. ఇరవయ్యేడేళ్ళుగా ఆ సంఘం కార్యాలయంలో ఉన్న ఒకే ఒక్క ఉద్యోగి ఆమె. ఒళ్ళో పెట్టెలో ఉన్నవి ఆ సభ హాజరు చీటీలే. కానీ అడగందే చెప్పుకోవడం ఆమె పుట్టిన ఊళ్ళో మర్యాద కాదు.

"నేను చర్చి కింది హాళ్ళలో పెట్టే చావు భోజనాల మీద రాశాను," అన్నాడు ఎబో. "మా వైపు చావంటే మూడు రోజుల తిరనాళ్ళు. డప్పులు, కొత్త బట్టలు, కొట్లాటలు. దానికో కమిటీ, కమిటీకి ఓ అధ్యక్షుడు, ఆయనతో పడక విడిపోయినవాళ్ళకి ఇంకో కమిటీ. ఇక్కడ చూస్తే మంగళవారం మనిషి పోతాడు, శుక్రవారానికి రెండొందల మందికి పందిమాంసం హ్యామ్ పెట్టిన బన్నులు, బంగాళాదుంప సలాడు, కాఫీ, నలుచదరంగా కోసిన నిమ్మకాయ మిఠాయి లెమన్ బార్లు సిద్ధం. ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. పధ్నాలుగు చర్చిల్లో తిరిగాను, అరవై ఒక్క భోజనాలు చేశాను. సలాడు ఎవరు తేవాలో ఎవరు తేలుస్తారో ఇప్పటికీ అంతుపట్టలేదు."

లొరీన్‌కి నవ్వొచ్చింది. తన చర్చి ఆడవాళ్ళ మార్త బృందంలో పాతికేళ్ళుగా ఆమె లెమన్ బార్ల మనిషి. ఎవరు తేల్చారని అడిగితే ఏం చెబుతుంది? సూర్యుడు తూర్పున పొడవాలని ఎవరు తేల్చారు?

"దానికి తేల్చేదేముంది? తెలుస్తుందంతే," అంది.

"అదిగో! పధ్నాలుగు చోట్లా ఇదే మాట!" అని జేబులోంచి చిన్న పుస్తకం తీసి గీత పెట్టుకున్నాడు. తర్వాత సభ కార్యక్రమం తీసి చూపించాడు. "నాకు ఇచ్చిన సమయం చూడండి. శనివారం పదకొండుంపావు, అగేట్ గది. ఆ గది ఎక్కడుందో హోటల్ పటంలో కూడా సరిగ్గా లేదు."

మూడో అంతస్తు చివర, దుప్పట్లు ఉతికే గది పక్కన. లొరీన్‌కి తెలుసు, ఆ కార్యక్రమం టైపు చేసింది ఆమే.

"నిరుడు ఆ సమయానికి ఎంతమంది వచ్చి ఉంటారంటారు?" అన్నాడు, ఎవరినో కాక గాలిని అడిగినట్టు.

అబద్ధం ఆమెకు చేతకాదు. "ఎవరూ రాలేదు. నేనున్నాను."

పాకం అంటిన వేళ్ళను ఎబో కాగితం సంచికి తుడుచుకున్నాడు. పెట్టె మీద చీటీ చదివాడు, ఆమె ముఖం చూశాడు.

"మీరు ఆ సంఘం వారా ఆంటీ! మరి నన్నింతసేపు వాగనిచ్చారే!"

"నువ్వు బాగానే చెప్తున్నావుగా."

"సరే, అంటే నిరుడు ఒకరు వచ్చారన్నమాట."

"ఎవరూ రాలేదన్నానుగా. నేను లెక్కలోకి రాను."

ఆ సంఘం సంగతి కాస్త చెప్పుకోవాలి. ఈత మీద గ్రంథాలు రాసినవాళ్ళంతా ఈదగలరని ఎవరన్నారు? దీపం కిందే చీకటి. సమావేశాలు వేళకు ముగించడం ఎలాగో వాళ్ళు నలభై వ్యాసాలు రాసుకున్నారు; వాళ్ళ సమావేశం ఒక్కటీ వేళకు ముగియలేదు. ఎన్నికలు ఎలా జరపాలో తెలిసినవాళ్ళే అందరూ. కానీ ఓట్ల పెట్టె ఎక్కడుందో లొరీన్‌కే తెలుసు. రెండు వారాల టైపు పనికని వచ్చింది ఆమె, విల్మర్ దగ్గర పొలం అమ్మేసి మొగుడు హార్లన్‌తో నగరం చేరిన కొత్తలో. రెండు వారాలు ఇరవయ్యేడేళ్ళయ్యాయి. హార్లన్ పోయాడు. అధ్యక్షులు పదమూడు మంది మారారు. ప్రతివాడూ వచ్చిన కొత్తలో సంఘాన్ని సంస్కరిస్తానంటాడు, దిగిపోయేటప్పుడు లొరీన్‌కి ఒక పూలకుండీ ఇస్తాడు. ఆ కుండీలు కిటికీ గట్టు మీద పట్టక నేల మీదికి దిగాయి.

ఆమె చేరిన రెండో ఏడు జరిగిందో ముచ్చట. శనివారం చివరి పూట. సభలో అదే కడబంతి: పెద్ద కళాశాల పేరు లేనివాడికి, మొదటిసారి వచ్చినవాడికి, దరఖాస్తుల్లో అందరి వెనక మిగిలినవాడికి ఇచ్చే ఒక్క గది, ఒక్క ప్రసంగం. అప్పటికి పండితులంతా పెట్టెలు సర్దుకుని విమానాలకు పరుగెడుతుంటారు. లొరీన్ వరండాలో మిగిలిన కాగితాలు ఏరుతుంటే లోపల ఎవరో చదువుతున్న గొంతు వినిపించింది. తొంగిచూసింది. నార్త్ డకోటా నుంచి వచ్చిన ఒక గోధుమరంగు కోటాయన, పల్లెల్లో జీతం లేకుండా మంటలార్పే దళాల మీద పందొమ్మిది పేజీలు, ముప్పై ఖాళీ కుర్చీలకు చదివి వినిపిస్తున్నాడు. ఒక్క పేజీ ఎగరగొట్టలేదు. అంతా చదివి, కళ్ళజోడు తీసి, "ప్రశ్నలుంటే అడగండి" అన్నాడు. అని ఆగాడు. నిజంగానే ఆగాడు.

లొరీన్ లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చుని చెయ్యెత్తింది. "పొగ వాసన బట్టల్లోంచి ఎలా వదిలిస్తారండీ?" అంది. ఆయన పది నిమిషాలు జవాబు చెప్పాడు. అంత మంచి ప్రశ్న తననెవరూ అడగలేదన్నాడు.

అప్పటి నుంచి ఏటా ఆ పూట ఆమె వెళ్ళి కూర్చుంటుంది, ఒక ప్రశ్న అడుగుతుంది. ఒక్కో ఏడు తనతో పాటు ఇద్దరు ముగ్గురు ఉంటారు, ఒక్కో ఏడు ఎవరూ ఉండరు. తర్వాత హాజరు చీటీ నింపుతుంది. తనను తాను కలుపుకోదు. ఉద్యోగిని కదా, కుర్చీలు, మైకు, మంచినీళ్ళ జగ్గు ఎలాగో తనూ అలాగే అని ఆమె లెక్క. వడ్డించేవాళ్ళను ఎవరైనా బంతిలో లెక్కేస్తారా?

ఆ నిజాయితీ ఇప్పుడు ఆమె మెడకే చుట్టుకుంది. గత మూడేళ్ళుగా చీటీ మీద సున్నా, సున్నా, సున్నా. ఈసారి అధ్యక్షుడు ప్రొఫెసర్ డ్వైట్ పెల్‌హామ్ అంకెల మనిషి. నాలుగో ఏడూ సున్నా వస్తే కడబంతి శాశ్వతంగా రద్దు అని కార్యవర్గంలో తీర్మానం రాశాడు. ఆ తీర్మానం టైపు చేసింది కూడా లొరీనే.

ఇదంతా ఆమె చెప్పడం ముగించేసరికి బస్సు బయల్దేరి చాలాసేపయింది.

ఎబో మెల్లగా అన్నాడు, "ఏమీ అనుకోకండి ఆంటీ. ఊరికే పనిచేసే మనిషిని లెక్కలో వెయ్యరని మేమంతా పుస్తకాల్లో గోల పెడతాం. ఇక్కడ వెయ్యనిది ఎవరు? మీరే. మీ చేత్తో మీరే."

లొరీన్ కిటికీవైపు తిరిగింది. కోపమా అంటే కోపం కాదు. ఎవరో తన ఇంటికొచ్చి, తను ఏనాడూ చూడని మూలను చూపించి, ఇక్కడ దుమ్ముందే అన్నట్టుంది. బస్సు కొండ నెత్తికెక్కి, కింద సరస్సు ఇనుపరంగులో పరుచుకుని కనిపించినప్పుడు మళ్ళీ ఇటు తిరిగింది.

"ఆ పధ్నాలుగు చర్చిల్లో డులూత్‌వి ఉన్నాయా?"

"ఒకటుంది. కొండ మీది చర్చి. ఆర్డిస్ అని ఒకావిడ, నేను కాగితం మీద రాసుకుంటుంటే పళ్ళెం ఖాళీగా ఉంచావేమని గరిటెతో వేళ్ళ మీద కొట్టింది."

"ఊఁ," అంది లొరీన్. ఆర్డిస్ స్కోగ్‌లండ్, తనూ చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చున్నారు.

శుక్రవారం కార్యవర్గ సమావేశం. పన్నెండు మంది పండితులు బల్ల చుట్టూ కూర్చున్నారు. అసలు 'శ్రోత' అంటే ఎవరన్న దాని మీద యాభై నిమిషాలు గడిచాయి. మధ్యలో లేచి వెళ్ళినవాడు సగం శ్రోతా? నిద్రపోయినవాడు? లొరీన్ కాఫీ పోస్తూ మధ్యలో ఆగింది.

"ఆ పూట తీసేస్తే ఏటా ఒక కొత్తవాడికి తలుపు మూసినట్టు, డ్వైట్."

"నాకు మాత్రం బాధగా లేదా లొరీన్? కానీ అంకెలు చెప్తున్నాయి. రేపటి చీటీ చూద్దాం. సున్నా వస్తే సున్నాయే," అన్నాడు పెల్‌హామ్. మంచివాడే. పూలకుండీ తప్పకుండా ఇస్తాడు.

కాఫీ జగ్గు పక్కన పెట్టి లొరీన్ వరండాలోకి వచ్చి ఆర్డిస్‌కి ఫోను చేసింది.

"హలో ఆర్డిస్, పనిలో ఉన్నావేమో, తర్వాత చేస్తాలే."

"పెట్టెయ్యకు. ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు."

"మరి ఈ వేళప్పుడు ఫోనేమిటి? ఎక్కడున్నావ్?"

"ఇక్కడే, సరస్సు పక్క హోటల్లో. ఏం లేదు, ఒకబ్బాయి రేపు మాట్లాడుతున్నాడు. పదకొండుంపావుకి. మీ చర్చి భోజనాల మీద రాశాడట. వీలుంటేనే సుమా. అంత ముఖ్యమైందేం కాదు. మంచు కూడా పడుతోంది."

"ఆ పళ్ళెం ఖాళీ కుర్రాడా? చిక్కి ఉన్నాడు. ఎంతమందికి?"

"ఎంతమందికి అని కాదు ఆర్డిస్, వినడానికి..."

"సరేలే," అని ఆర్డిస్ ఫోను పెట్టేసింది. ఆ ఊళ్ళో ఫోను ఎప్పుడైనా అంత తొందరగా పెట్టారంటే దాని అర్థం ఒకటే: ఇంకో రెండు ఫోన్లు చెయ్యాల్సి ఉంది. ఆ ఇద్దరూ చెరో ఇద్దరికి చేస్తారు. ఎబో మూడు అధ్యాయాలు దీని మీదే రాశాడు.

శనివారం పదకొండు దాటింది. అగేట్ గదిలో ముప్పై కుర్చీలు, ఒక ఎబో. గొట్టంలోని బొమ్మల కాగితం గోడకు అంటించాడు, పీకాడు, మళ్ళీ అంటించాడు. లొరీన్ ఎప్పటిలాగే చివరి వరసలో కూర్చుంది. పక్క గదిలో దుప్పట్ల యంత్రం గుడగుడమంటోంది.

"మొదలుపెట్టనా ఆంటీ?"

"ఇంకా నాలుగు నిమిషాలుంది."

ఆమె పైకి స్థిమితంగానే ఉంది కానీ, కోటు బొత్తాన్ని తిప్పి తిప్పి దారం తెగేదాకా తెచ్చింది. మంచు. కొండ దారి. డెబ్బై దాటినవాళ్ళు. తను అడగనేకూడదేమో.

లిఫ్టు గంట మోగింది. తలుపు తెరుచుకోగానే ముందు కాఫీ వాసన వచ్చింది, వెనక పెద్ద కాఫీ పాత్ర, దాని వెనక ఆర్డిస్. ఆమె వెనక మంచు బూట్లు, ఊలు టోపీలు, మూతపెట్టిన పళ్ళాలు, హ్యామ్ బన్నుల డబ్బాలు. లిఫ్టు మళ్ళీ కిందికి పోయింది, మళ్ళీ వచ్చింది. అయిదుసార్లు.

"బయటి తిండి తేకూడదట ఇక్కడ," అంది లొరీన్ కంగారుగా.

"కింద ఆ టై కట్టుకున్న పిల్లాడూ అదే అన్నాడు. వాళ్ళ నాయనమ్మ పోయినప్పుడు సలాడు నేనే చేశాను. ఆ మాటే గుర్తుచేశాను," అంది ఆర్డిస్.

ముప్పై ఎనిమిది మంది. అందరూ వెనక వరసల కోసమే వెతుక్కున్నారు, చర్చిలో లాగే. వెనక నిండితే గానీ ముందుకు ఎవరూ జరగలేదు. చివరికి కుర్చీలు చాలక లొరీన్ లేచి తలుపు దగ్గర నిలబడింది. ఎబో గొంతు సవరించుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడో, కళ్ళజోడు తుడుచుకున్నాడో.

"ఈ భోజనాల ఏర్పాటులో విశేషం ఏమిటంటే, దీనికి నాయకత్వమంటూ లేదు..."

వెనకనుంచి కిసుక్కుమని ఒక నవ్వు. తర్వాత ముప్పై ఏడు తలలు ఒక్కసారిగా ఆర్డిస్ వైపు తిరిగాయి.

"నావైపు చూస్తారేం? నేనేం చేశాను?" అంది ఆర్డిస్.

"ఏం చెయ్యదు నాయనా," అంది నీలం టోపీ ఆవిడ. "వంటగదిలో నిలబడి, 'ఈసారి సలాడు ఎవరైనా తెస్తే బాగుండు' అని వడ్డించే కిటికీలోంచి హాల్లోకి చూస్తుంది. ఆవిడ చూపు ఎటు తిరిగితే అటున్నవాళ్ళు తేవాలి."

"అరవై ఒక్క భోజనాలు చేశాను, కిటికీ సంగతి నాకెవరూ చెప్పలేదే!" అని ఎబో పెన్ను తీశాడు.

"నువ్వు అడగలేదుగా."

ఇక ప్రసంగం ప్రసంగంగా సాగలేదు. ఎబో ఒక మాట చెప్పడం, నలుగురు దిద్దడం. ఆవాలు వేసిన సలాడు ఏ కుటుంబం నుంచి వచ్చిందన్న దగ్గర రెండు బృందాలకు మాటామాటా పెరిగింది. మీ ఊళ్ళో అయితే ఏం పెడతారని ఒకావిడ అడిగితే, మూడు రోజుల చావు పండుగంతా అభినయించి చూపించాడు. ఆ ఆడవాళ్ళు అంత బిగ్గరగా నవ్వడం లొరీన్ ఎన్నడూ వినలేదు. ఆ నవ్వుకో, కాఫీ వాసనకో, చక్రాల పెట్టెలు లాక్కుంటూ పోతున్న పండితులు ఒక్కొక్కరే తలుపు దగ్గర ఆగారు. ఏడుగురు. ఏడోవాడు పెల్‌హామ్. ఎవరో అతని చేతిలో పళ్ళెం పెట్టారు. వద్దన్నాడు, రెండోసారి వద్దన్నాడు, మూడోసారి తీసుకున్నాడు.

"ప్రశ్నలుంటే..." అని ఎబో లొరీన్ వైపు చూశాడు. ఆమె చెయ్యెత్తడానికి సందే దొరకలేదు. ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి ఆమె ప్రశ్న అవసరం పడలేదు.

అంతా అయ్యాక పెల్‌హామ్ బార్ ముక్క నములుతూ పక్కకొచ్చాడు. "అద్భుతం లొరీన్. కానీ పద్ధతి ప్రకారం చూస్తే వీళ్ళు శ్రోతలు కారేమో. సభ్యులు కారు. పైగా వీళ్ళు పరిశోధనకు గురైనవాళ్ళు."

"గురవడమేమిటి నాయనా, మేం బాగానే ఉన్నాం," అంది పక్కనే ఉన్న ఆర్డిస్.

లొరీన్ హాజరు చీటీ అతని కళ్ళముందు పట్టింది. చేరిన కొత్తలో ఆమే టైపు చేసిన చీటీ. అందులో 'శ్రోతలు' అని లేదు, 'సభ్యులు' అనీ లేదు. 'వక్త కాక గదిలో ఉన్న తలలు' అని ఉంది. పదమూడు మంది అధ్యక్షులు దాని కింద సంతకాలు పెట్టారు గానీ ఒక్కరూ చదవలేదు.

"తలలు," అన్నాడు పెల్‌హామ్.

"తలలే."

అతను బార్ మింగి, వెనకనున్న ఆరుగురి వైపు తిరిగాడు. "అయితే తలుపు బయట నిలబడి విన్నవాళ్ళ సంగతేమిటి? గడప మీదున్న తల గదిలో ఉన్నట్టా?" ఆ ప్రశ్నకు ఆ ఆరుగురి కళ్ళూ వెలిగాయి. పెట్టెలు కింద పెట్టి గుండ్రంగా చేరారు. విమానాలు ఎవరికీ గుర్తులేవు.

లొరీన్ వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది, ఏడు. నలభై అయిదు అని రాసింది. పెన్ను మూత పెట్టబోయి ఆగింది. గది అవతల ఎబో, నోటి నిండా బన్నుతో, నీలం టోపీ ఆవిడ చెప్పేది గబగబా రాసుకుంటున్నాడు. ఇటు చూడటం లేదు. చూడకపోవడమే మంచిదనిపించింది ఆమెకు. నలభై అయిదును ఒక్క గీతతో కొట్టేసి పక్కన నలభై ఆరు అని రాసింది. అంకె కాస్త వంకరగా వచ్చింది. చీటీని మైకు కింద, ఎగిరిపోకుండా మంచినీళ్ళ జగ్గు బరువు పెట్టి ఉంచింది.

పన్నెండు యాభైకి బస్సు. ఇప్పుడు వెళ్ళొస్తానంటే ముందు ఆర్డిస్ లేస్తుంది, తలుపు దగ్గర ఒక పావుగంట, లిఫ్టు దగ్గర ఒక పావుగంట, కింద మంచులో నిలబడి మోకాళ్ళ నొప్పుల మీద ఇంకో పావుగంట. ఆ నేల మీద అంతకంటే తక్కువలో ఎవరూ ఎవరినీ సాగనంపింది లేదు. లొరీన్ కూడా జన్మలో ఎన్నడూ చెప్పకుండా వచ్చెయ్యలేదు.

రెండు లెమన్ బార్లు కాగితంలో చుట్టి కోటు జేబులో వేసుకుంది. ఖాళీ అట్టపెట్టెను మడిచి చంకన పెట్టుకుంది. వెనకాల ఆర్డిస్ గొంతు, "లొరీన్ ఏదీ? గిన్నెలు తుడిచే గుడ్డ ఎవరి దగ్గరుంది?" అంటోంది. దుప్పట్ల గది దాటి, లిఫ్టు కూడా వద్దనుకుని, ఆమె మెట్ల వైపు నడిచింది.